బడి ప్రార్థనలో ‘చరిత్రలో ఈ రోజు’ ఎలా తయారు చేసుకోవాలి: నవంబర్ 1 ఉదాహరణతో

అక్టోబర్ నెలాఖరు వచ్చిందంటే చాలు, తోటి ఉపాధ్యాయుల నుంచి నాకు ఒకటే ప్రశ్న. “టీచర్, నవంబర్ 1న ప్రేయర్‌లో ఏం చదివించాలి? మీ దగ్గర రాసింది ఉంటే పంపండి.” పంపడానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ పంపింది చదివేశాక నవంబర్ 2కి మళ్లీ అదే ప్రశ్న వస్తుంది. అందుకని ఈసారి తయారు చేసే పద్ధతంతా రాస్తున్నాను. నవంబర్ 1నే ఉదాహరణగా పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చేసి చూపిస్తాను. ఆ తర్వాత ఏ తేదీకైనా మీరే చేసుకోగలరు.

ముందు ఒక సంగతి చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఒక ఫిబ్రవరి 24న మా ఎనిమిదో తరగతి అమ్మాయి మైకు ముందు నిలబడి, “ఈ రోజు దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి జయంతి” అని చక్కగా చదివింది. చప్పట్లు కొట్టించాం. అదే సంవత్సరం నవంబర్ 1న మళ్లీ ఆయన పేరు వచ్చింది. బోర్డు మీద తేదీ రాసే ఏడో తరగతి కుర్రాడు సుద్దముక్క పట్టుకునే నా దగ్గరికొచ్చి, “టీచర్, ఈయన ఫిబ్రవరిలో కూడా పుట్టారు కదా?” అన్నాడు. కృష్ణశాస్త్రి పుట్టింది 1897 నవంబర్ 1న. 1980 ఫిబ్రవరి 24న కన్నుమూశారు. ఫోనులో వచ్చిన మెసేజీ చూసి ఆ చీటీ రాసిచ్చింది నేనే. నాలుగు వందల మంది పిల్లలు విన్న తప్పును ఒక్క పిల్లవాడు పట్టుకున్నాడు. కింది పద్ధతి ఆ రోజు నుంచి కట్టుకున్నది.

కావాల్సినవి

నాలుగు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి. తేదీకి ఒక పేజీ చొప్పున 366 పేజీలు పోగా మిగిలినవి చివర్లో దిద్దుబాట్లకు పనికొస్తాయి. తిథులు ఉన్న గోడ క్యాలెండర్ లేదా పంచాంగం. ఇంటర్నెట్ ఉన్న ఫోను. బడిలోనో దగ్గరి శాఖా గ్రంథాలయంలోనో దొరికే చరిత్ర పుస్తకాలు, జీవిత చరిత్రలు రెండు మూడు. భారతదేశం పటం, ప్రపంచ పటం. ఎర్ర పెన్ను. పటం ఎందుకని చాలామంది అడుగుతారు, మూడో మెట్టుకు వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

సమయం సంగతికొస్తే మొదటి వారం తేదీకి గంట పడుతుంది. అలవాటయ్యాక ఇరవై నిమిషాలు చాలు. ఆ రోజు పొద్దున్నే కూర్చోకండి, కనీసం మూడు రోజుల ముందు మొదలుపెట్టండి. ప్రేయర్ బెల్లు కొట్టే ముందు హడావుడిగా రాసిన చీటీల్లోనే తప్పులు ఎక్కువ.

1. దొరికినవన్నీ ఒక పేజీ మీద పరవండి

తెలుగు వికీపీడియాలో ప్రతి తేదీకీ ఒక పేజీ ఉంది. అక్కడ మొదలుపెట్టండి, కానీ అక్కడే ఆగకండి. పెన్సిలుతో సంవత్సరం, ఊరు, సంఘటన మాత్రం రాసుకోండి. వాక్యాలు ఎత్తి రాయొద్దు.

నవంబర్ 1కి నా పేజీలో పడినవి ఇవీ. 1755లో పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో భారీ భూకంపం, వెంటనే సునామీ, మంటలు. 1858లో అలహాబాదులో కానింగ్ ప్రభువు విక్టోరియా రాణి ప్రకటన చదివారు, ఈస్టిండియా కంపెనీ పాలన పోయి రాణి పాలన వచ్చింది. 1897లో కృష్ణశాస్త్రి జననం. 1952లో పసిఫిక్ మహాసముద్రంలోని ఎనివెటాక్ దీవుల దగ్గర అమెరికా మొదటి హైడ్రోజన్ బాంబు పరీక్ష. 1954లో పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం పాలన ఫ్రాన్సు నుంచి భారత్ చేతికి వచ్చింది. 1956లో ఆంధ్రప్రదేశ్, కేరళ ఏర్పడ్డాయి, మైసూరు, మధ్యప్రదేశ్ కొత్త సరిహద్దులతో వచ్చాయి. 1966లో హర్యానా. 1974లో హైదరాబాదులో క్రికెటర్ వి.వి.ఎస్. లక్ష్మణ్ జననం. 2000లో ఛత్తీస్‌గఢ్.

ఇవన్నీ ప్రేయర్‌లో చదివించాలని మనసు లాగుతుంది. అలా చేయకండి. పిల్లలు ఎండలో నిలబడి ఉంటారు. తొమ్మిది సంఘటనలు వింటే ఒక్కటి కూడా గుర్తుండదు. తొమ్మిదీ మీ పుస్తకంలో ఉండనివ్వండి, వచ్చే ఏడాది వేరేవి తీసుకోవచ్చు.

2. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది ఎంచుకోండి

నేను వేసుకునే ప్రశ్నలు మూడు. పిల్లవాడు పటంలో ఆ చోటు చూపించగలడా? ఇంటికెళ్లి అమ్మమ్మనో తాతయ్యనో దాని గురించి అడగగలడా? “ఎందుకు?” అని అడిగితే నేను మూడు వాక్యాల్లో చెప్పగలనా? మూడింటికీ అవుననిపించింది పెద్దది. కాస్త ఊరట ఇచ్చేది, ఒక మనిషి గురించో ఒక ఆట గురించో, చిన్నది.

నవంబర్ 1కి పెద్దది రాష్ట్రాల ఏర్పాటు. చిన్నది కృష్ణశాస్త్రి పుట్టుక. ఆరో తరగతి, ఏడో తరగతి పిల్లలు ఎక్కువగా ఉన్న బడైతే లక్ష్మణ్‌ని తీసుకోండి, చెవులు రిక్కించి వింటారు.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. పెద్దదీ చిన్నదీ రెండూ మరణాలో ప్రమాదాలో కాకుండా చూసుకోండి. మెసేజీల్లో తిరిగే జాబితాల్లో యుద్ధాలు, హత్యలు, ప్రమాదాలే ఎక్కువ. పొద్దున్నే పిల్లలకు వరసగా అవే వినిపిస్తే ఆ పూటంతా అలాగే ఉంటుంది.

3. ఆ తేదీ నిజంగా ఆ తేదీయేనా?

ఈ పనికి గుండెకాయ ఈ మెట్టే. తొందరపడకుండా చేయండి. తేదీ తప్పడానికి దారులు చాలా ఉన్నాయి. నాకు తరచుగా ఎదురైనవి చెబుతాను.

*జయంతా, వర్ధంతా?* మా బడిలో జరిగింది ఇదే. పేరు కనపడగానే పక్కన పుట్టిన తేదీ, పోయిన తేదీ రెండూ రాయండి. రెండూ రాయకుండా పేజీ తిప్పొద్దు. రెండూ ఎదురుగా ఉంటే పొరపాటు జరగడం కష్టం.

*ఎవరి గడియారం?* పటం అవసరం ఇక్కడే. 1969లో చంద్రుడి మీద అపోలో 11 దిగింది జూలై 20 అని పుస్తకాల్లో ఉంటుంది. అమెరికాలో అది జూలై 20 మధ్యాహ్నం. మన దగ్గర అప్పటికే అర్ధరాత్రి దాటి జూలై 21, ఒంటిగంటా నలభై ఏడు నిమిషాలు. ఆర్మ్‌స్ట్రాంగ్ కాలు మోపేసరికి మనకు జూలై 21 పొద్దున ఎనిమిదిన్నర కావస్తోంది, అంటే సరిగ్గా బళ్లకు బయల్దేరే వేళ. పిల్లలకు అలా చెబితే ఆ రోజు కళ్లకు కడుతుంది. నవంబర్ 1 జాబితాలోని హైడ్రోజన్ బాంబుదీ ఇదే కథ. ఆ దీవుల్లో అది నవంబర్ 1 ఉదయం ఏడుంపావు. గ్రీనిచ్‌లో, వాషింగ్టన్‌లో ఇంకా అక్టోబర్ 31. అందుకే కొన్ని పుస్తకాల్లో ఒక తేదీ, కొన్నింట్లో ఇంకో తేదీ. రెండూ తప్పు కాదు. “అక్కడి లెక్కలో” అనే ఒక్క మాట చేర్చండి, చాలు.

*ఏ క్యాలెండర్?* రష్యాలో అక్టోబర్ విప్లవం వార్షికోత్సవం నవంబర్ 7న వస్తుంది. అప్పటి రష్యా పాత జూలియన్ క్యాలెండర్ వాడేది, దాని ప్రకారం అది 1917 అక్టోబర్ 25. ఇంగ్లండు 1752లో కొత్త క్యాలెండర్‌కు మారింది. ఆ ఏడు సెప్టెంబర్ 2 మర్నాడు సెప్టెంబర్ 14. కాబట్టి 1752కు ముందు నాటి ఇంగ్లండు తేదీలు చెప్పేటప్పుడు జాగ్రత్త. సైన్స్ క్లబ్బుల్లో తరచుగా వినపడే “గెలీలియో పోయిన ఏడాదే న్యూటన్ పుట్టాడు” అన్న మాట కూడా రెండు వేర్వేరు క్యాలెండర్లను కలిపి చెప్పేదే. గెలీలియో 1642 జనవరి 8న పోయారు. న్యూటన్ పుట్టిన రోజు ఇంగ్లండు పాత లెక్కలో 1642 డిసెంబర్ 25, ఇప్పటి లెక్కలో 1643 జనవరి 4.

*తిథా, తేదీయా?* త్యాగరాజ స్వామి 1847 జనవరి 6న సమాధి చెందారు. కానీ తిరువయ్యారులో ఆరాధన జరిగేది పుష్య బహుళ పంచమి నాడు. అది ఏటా మారుతుంది. ఒక ఏడాది రాసుకున్న చీటీని మరుసటి ఏడాది అదే తేదీకి చదివితే తప్పే అవుతుంది. తిథి ప్రకారం జరుపుకునేవన్నీ నా పుస్తకంలో తేదీ పేజీల్లో ఉండవు, చివర్లో విడిగా ఉంటాయి. ఏటా ఉగాదికి కొత్త పంచాంగం రాగానే ఆ సంవత్సరం తేదీలు పెన్సిలుతో వేసుకుంటాను. హైదరాబాద్ సంస్థానం నాటి కాగితాలు చూసేవాళ్లకు ఇంకో సంగతి. వాటి మీద ఫసలీ సంవత్సరం, అంటే శిస్తు లెక్కలకు వాడిన పంట సంవత్సరం ఉంటుంది. దానికి 590 కలిపితే సుమారుగా మన సంవత్సరం వస్తుంది. సుమారుగా మాత్రమే. రోజు కచ్చితంగా కావాలంటే పక్కన ఇంకో ఆధారం ఉండాల్సిందే.

*చట్టం అయిన రోజా, అమల్లోకి వచ్చిన రోజా?* పెద్దవాళ్లు కూడా బోల్తా పడేది ఇక్కడ. రాజ్యాంగాన్ని ఆమోదించింది 1949 నవంబర్ 26, అమల్లోకి వచ్చింది 1950 జనవరి 26. తెలంగాణ ఏర్పాటు చట్టానికి రాష్ట్రపతి ఆమోదం 2014 మార్చి 1, రాష్ట్రం పుట్టింది జూన్ 2. నవంబర్ 1 పేజీలో ఇలాంటివి మూడున్నాయి. కంపెనీ పాలన రద్దు చేసిన చట్టం 1858 ఆగస్టు 2నే అయింది, నవంబర్ 1న జరిగింది ప్రకటన. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం 1956 ఆగస్టు 31 నాటిది, అమలు నవంబర్ 1 నుంచి. అసలు చిక్కు పుదుచ్చేరిది. 1954 నవంబర్ 1న పాలన చేతికొచ్చింది, కానీ ఫ్రాన్సుతో ఒప్పందానికి చట్టపరంగా పూర్తి ముద్ర పడింది 1962 ఆగస్టు 16న. యానాంలో అయితే 1954 జూన్ 13న జరిగిన తిరుగుబాటును కూడా చెప్పుకుంటారు. మీ బడి కాకినాడ, అమలాపురం వైపు ఉంటే ఈ మూడు తేదీలూ పిల్లలకు చెప్పండి. పక్కనే ఉన్న ఊరి కథ, పైగా తెలుగు ఊరి కథ.

*ఐదు రోజుల సంఘటనలో ఏ రోజు?* లక్ష్మణ్ కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో చేసిన 281 పరుగుల సంగతి తీసుకోండి. మ్యాచి 2001 మార్చి 11 నుంచి 15 దాకా జరిగింది. ద్రావిడ్‌తో కలిసి రోజంతా వికెట్ పడకుండా ఆడింది నాలుగో రోజు, మార్చి 14. 281 దగ్గర అవుటయింది మర్నాడు. “ఈ రోజు లక్ష్మణ్ 281 కొట్టాడు” అని రాసేముందు ఏ రోజు గురించి చెబుతున్నారో తేల్చుకోండి.

*అప్పటి పేరేంటి?* “1956 నవంబర్ 1న కర్ణాటక ఏర్పడింది” అని రాస్తారు. ఆ రోజు దాని పేరు మైసూరు రాష్ట్రం. కర్ణాటక అన్న పేరు వచ్చింది 1973 నవంబర్ 1న. తేదీ సరిపోయినా మాట సరిపోదు.

4. రెండు చోట్ల సరిచూడండి, నాలుగు పరీక్షలు పెట్టండి

రెండు చోట్ల కనపడితే నిజమనుకోవడం తేలిక. ఆ రెండూ ఒకదాన్ని చూసి ఇంకొకటి రాసినవైతే? అందుకని ముందు కాపీ పరీక్ష. రెండు చోట్లా అదే వాక్యం, అదే వరస, అదే అక్షరదోషం ఉంటే అవి రెండు కాదు, ఒక్కటే సాక్ష్యం. ఇంకొకటి వెతకండి.

తర్వాత వారం పరీక్ష. ఫోను క్యాలెండర్‌లో వెనక్కి వెళ్లి 1956 నవంబర్ చూడండి. ఒకటో తారీఖు గురువారం. ఎవరైనా పెద్దాయన జ్ఞాపకాల్లో “ఆ ఆదివారం” అని రాసి ఉంటే తేదీ అయినా తప్పు, జ్ఞాపకమైనా తప్పు. నన్ను ఈ ఒక్క పరీక్షే చాలాసార్లు ఒడ్డున పడేసింది.

మూడోది వయసు పరీక్ష. 1980లోంచి 1897 తీసేస్తే 83 వస్తుంది. కానీ కృష్ణశాస్త్రి పోయింది ఫిబ్రవరిలో, పుట్టినరోజు నవంబర్‌లో. అంటే నిండినవి 82 ఏళ్లే. “83వ ఏట” అనొచ్చు, “83 ఏళ్లు నిండి” అనకూడదు. వయసు లెక్క కుదరకపోతే పుట్టిన తేదీనో పోయిన తేదీనో అనుమానించండి.

నాలుగోది అసలు పేజీ పరీక్ష. తేదీ పేజీలో కనపడిన మనిషి పేరు మీద ఉన్న పేజీకి వెళ్లి అక్కడా అదే తేదీ ఉందా అని చూడండి. ఆపైన పుస్తకం ఒకటి చూస్తే మంచిది. పాత పత్రికల్లో వెతకాలంటే ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ స్కాన్ చేసి పెట్టిన పాత తెలుగు పత్రికలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. వాటితో ఒక జాగ్రత్త అవసరం. పేపర్ మీద తేదీ ఒకటి, జరిగిన రోజు దానికి ముందుది. వార్తలో “నిన్న” అన్న మాట కోసం చూడండి.

రెండు మంచి పుస్తకాలే రెండు తేదీలు చెబితే? అలా జరుగుతుంది. మన తాతల కాలంలో బడిలో వేసిన పుట్టినతేదీకీ అసలు తేదీకీ పొంతన ఉండేది కాదని మీకూ తెలుసు. అల్లూరి సీతారామరాజు పుట్టిన రోజు జూలై 4 అని అందరూ రాస్తారు, ఏడు మాత్రం కొన్ని చోట్ల 1897, కొన్ని చోట్ల 1898. అలాంటప్పుడు ప్రేయర్‌లో రోజు చెప్పి, సంవత్సరం వదిలేసి, ఆ మనిషి చేసిన పని చెప్పండి. పుస్తకంలో మాత్రం రెండు సంవత్సరాలూ ఎర్ర పెన్నుతో రాసుకోండి.

5. ‘ఎన్నో’ జయంతి అనేముందు వేళ్ల మీద లెక్కపెట్టండి

1947 ఆగస్టు 15 మొదటి స్వాతంత్ర్య దినం. 1948ది రెండోది. ఆ లెక్కన 2022లో వచ్చింది 76వ స్వాతంత్ర్య దినోత్సవం, నిండింది 75 ఏళ్లు. ఈ ఒక్కటి తేడా ప్రతి ఏటా ఏదో ఒక బ్యానర్ మీద కనిపిస్తూనే ఉంటుంది. ఎన్టీ రామారావు పుట్టింది 1923 మే 28. వందేళ్లు నిండింది 2023 మే 28న, శతజయంతి ఉత్సవాలు మాత్రం ఏడాది ముందే మొదలయ్యాయి. గందరగోళం వద్దనుకుంటే “ఎన్నో” అనే మాటే మానేసి “ఇన్నేళ్లు నిండాయి” అని రాయించండి.

6. రాయండి: నిమిషంన్నరకు మించకుండా

నోటితో చదివేది కాబట్టి చిన్న వాక్యాలు. ఒక వాక్యంలో ఒకే సంవత్సరం. చివర్లో ఒక ప్రశ్న, దాని జవాబు చదివిన దాంట్లోనే ఉండాలి. నవంబర్ 1కి నేను రాసింది ఇది, కావాలంటే ఇలాగే వాడుకోండి:

“అందరికీ నమస్కారం. ఈ రోజు నవంబర్ 1. 1956లో ఇదే రోజున, ఒక గురువారం నాడు, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం ఏర్పడింది. అంతకు మూడేళ్ల ముందు మద్రాసు రాష్ట్రం నుంచి విడిపోయి ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. దాని రాజధాని కర్నూలు. హైదరాబాద్ రాష్ట్రంలో తెలుగు మాట్లాడే జిల్లాలు వచ్చి కలిశాక రాజధాని హైదరాబాద్ అయింది. మొదటి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి. ఆయనే తర్వాత మన దేశానికి రాష్ట్రపతి అయ్యారు. 2014 జూన్ 2న తెలంగాణ ప్రత్యేక రాష్ట్రమైంది. కేరళ కూడా 1956లో ఇదే రోజున ఏర్పడింది. ఎందుకంటే ఆ మార్పులన్నీ ఒకే చట్టంతో జరిగాయి. 1897లో ఇదే రోజున కవి దేవులపల్లి కృష్ణశాస్త్రి పిఠాపురం దగ్గర పుట్టారు. ఇప్పుడు ప్రశ్న: ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న ఊరు ఏది? జవాబు రేపు.”

ఇందులో పొట్టి శ్రీరాములు పేరు ఎందుకు లేదని అడుగుతారు. ఆయన ప్రాణత్యాగం చేసింది మద్రాసు రాష్ట్రం నుంచి విడిగా ఆంధ్ర రాష్ట్రం కావాలని. 1952 అక్టోబర్ 19న దీక్ష మొదలుపెట్టి డిసెంబర్ 15 రాత్రి కన్నుమూశారు. దాని ఫలితం 1953 అక్టోబర్ 1. నవంబర్ 1న ఆయన్ని తలచుకోవడం తప్పు కాదు, చాలాచోట్ల తలచుకుంటారు. కానీ “హైదరాబాద్‌తో కలిసిన ఆంధ్రప్రదేశ్ కోసం దీక్ష చేశారు” అని పిల్లలకు చెప్పకూడదు. ఆయనకు అక్టోబర్ 1న, డిసెంబర్ 15న మంచి చోటుంది, అక్కడ నిండుగా చెప్పండి.

తెలంగాణ బడి అయితే చీటీ ఇలాగే ఉండకూడదు. అక్కడ ఇది పండుగ రోజు కాదు, ఈ విలీనాన్ని వద్దన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు, తర్వాతా ఉన్నారు. హైదరాబాద్ రాష్ట్రం ఆ రోజు మూడు ముక్కలయిందని చెప్పండి. తెలుగు జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌లోకి, మరాఠీ జిల్లాలు బొంబాయి రాష్ట్రంలోకి, కన్నడ జిల్లాలు మైసూరులోకి వెళ్లాయి. పటం మీద చూపిస్తే పిల్లలకు చక్కగా అర్థమవుతుంది. ఇలాంటి రోజులకు నేను పాటించే నియమం ఒకటుంది. పేరు మీద గొడవ ఉన్న రోజున పేరు పెట్టకుండా, జరిగింది చెప్పాలి. సెప్టెంబర్ 17ను ఒకరు విమోచన అంటారు, ఒకరు విలీనం అంటారు, ఒకరు సమైక్యత అంటారు. “1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి కదిలింది, 17న పోరు ఆపుతున్నట్టు నిజాం ప్రకటించారు” అంటే అన్ని ఇళ్ల పిల్లలూ వినగలుగుతారు.

7. చదివించండి

ముందు రోజు సాయంత్రమే చీటీ పిల్లల చేతికి ఇవ్వండి. సంవత్సరాలను అక్షరాల్లో రాయండి: “పంతొమ్మిది వందల యాభై ఆరు”. అంకెలుగా ఇస్తే మైకు ముందు సగంమంది పిల్లలు ఇంగ్లీషులోకి వెళ్లిపోతారు, లేదా తడబడి ఆగిపోతారు. నోరు తిరగని పేర్లను రెండు ముక్కలుగా విడగొట్టి కింద గీత పెట్టండి. మీ ఎదురుగా రెండుసార్లు గట్టిగా చదివించి గడియారం చూడండి. తొంభై సెకన్లు దాటితే ఒక వాక్యం తీసేయండి. తేదీని, ముఖ్యమైన పేరును మాత్రం తీయకండి.

రోజూ బాగా చదివే ఒక్క పిల్లకే ఇవ్వొద్దు. మా బడిలో ఇద్దరు చేస్తారు. ఒకరు చదువుతారు, ఇంకొకరు నోటీసు బోర్డు మీద తేదీ, ఊరు, ప్రశ్న రాస్తారు. రాసే పిల్లలు చదివేవాళ్లకన్నా జాగ్రత్తగా వింటారని ఆ ఏడో తరగతి కుర్రాడి వల్లే తెలిసింది.

8. పని జరిగిందో లేదో చూడండి

చప్పట్లను బట్టి ఏదీ తెలియదు. మర్నాడు ప్రేయర్‌లో నిన్నటి ప్రశ్న అడగండి. ముందు వరసలోని చిన్న తరగతుల నుంచి ఒకరు, వెనక వరస నుంచి ఒకరు జవాబు చెబితే చీటీ బాగా రాసినట్టే. వెనకవాళ్లే చెబితే భాష బరువైందని అర్థం. ఎవరూ చెప్పకపోతే మైకు సంగతి చూడండి, నిజంగానే వినపడకపోయి ఉండొచ్చు. వారానికోసారి అయిదారుగురు పిల్లల్ని కూర్చోబెట్టి, ఆ వారంలో విన్నవాటిలో ఏది గుర్తుందో అడగండి. వాళ్లు చెప్పినదాని పక్కన పుస్తకంలో టిక్కు పెట్టుకోండి. ఏడాది తిరిగేసరికి ఎలాంటివి నిలుస్తాయో ఆ టిక్కులే చెబుతాయి. మా దగ్గర అన్నిటికన్నా నిలిచింది, చంద్రుడి మీద కాలు మోపేసరికి మనకు బడి వేళ అన్న సంగతి.

తప్పు దొరికితే? మర్నాడు అదే మైకులో, అదే పిల్ల చేత కాదు, మీరే చెప్పండి. “నిన్న నేను రాసిచ్చిన చీటీలో తేదీ తప్పు పడింది, సరైనది ఇది” అంటే సరిపోతుంది. చదివిన పిల్ల మీదకు అది పోకూడదు. పట్టుకున్న పిల్లవాడి పేరు చెప్పి మెచ్చుకోండి. పుస్తకంలో పాత తేదీని కొట్టేయకుండా పక్కన ఎర్ర పెన్నుతో సరైనది రాయండి. వచ్చే ఏడాది ఎవరైనా మళ్లీ అదే తప్పు మెసేజీ పంపితే చటుక్కున గుర్తొస్తుంది.

వీలు కుదరనప్పుడు

ఇంటర్నెట్ లేని ఊరా? నెలకోసారి మండల కేంద్రంలోని గ్రంథాలయానికో జిల్లా కేంద్ర గ్రంథాలయానికో వెళ్లి ముప్పై తేదీలకు ఒకేసారి రాసుకు రండి. అప్పుడు కూడా రెండు పుస్తకాలు చూడాల్సిందే.

ఆ తేదీకి చెప్పుకోదగ్గది ఏమీ దొరకలేదా? బలవంతంగా ఎక్కడెక్కడివో తేవొద్దు. మీ ఊరిదే చెప్పండి. బడి కట్టిన రోజు శిలాఫలకం మీద ఉంటుంది. ఊరికి కరెంటు వచ్చిన రోజు, బస్సు మొదటిసారి వచ్చిన రోజు పంచాయతీ కాగితాల్లోనో పెద్దల నోట్లోనో ఉంటాయి. నోటిమాట అయితే ఇద్దరు పెద్దల్ని విడివిడిగా అడిగి, “పెద్దలు చెప్పగా” అని చేర్చి చదివించండి.

ఆదివారాలు, సెలవులు వస్తే శనివారమే “రేపు” అని చదివించొచ్చు. వేసవి సెలవుల్లో పోయేవి మాత్రం ఎక్కువ. మే 7 అల్లూరి వర్ధంతి, మే 27 కందుకూరి వీరేశలింగం వర్ధంతి, జూన్ 2 తెలంగాణ ఏర్పడిన రోజు. వీటి కోసం బడి తెరిచిన మొదటి వారంలో ఒక పూట పెట్టి, “సెలవుల్లో వచ్చిన రోజులు” అని నాలుగు చీటీలు నలుగురు పిల్లల చేత చదివిస్తున్నాం.

ఫిబ్రవరి 29 పేజీని ఖాళీగా వదిలేయకండి. మొరార్జీ దేశాయి 1896లో, నృత్యకారిణి రుక్మిణీదేవి అరుండేల్ 1904లో ఆ రోజునే పుట్టారు. మళ్లీ ఆ తేదీ 2028లో వస్తుంది. ఇప్పుడు ఆరో తరగతిలో ఉన్న పిల్ల ఎవరికైనా ఆ చీటీ ముందే రాసిచ్చి, పుస్తకంలో ఆ పేజీ మీద తన పేరు రాసి పెట్టండి.